చిన్న లేత్‌కి లివర్ చక్ ఏం తక్కువ?

ఈమధ్య మన ఐటీ జనానికి శనాదివారాల్లో వడ్రంగం పిచ్చి పట్టింది. మంచిదే. రోజంతా కీబోర్డు బాదే చేతులకి ఉలి పట్టిస్తే అంతకన్నా పుణ్యముందా! కానీ బెంచి మీద పెట్టుకునే చిన్న లేత్ కొన్నాక అసలు గొడవ మొదలవుతుంది. "చక్ ఏది కొనను?" అని అడగడం ఆలస్యం, "గేరున్న కీ చక్కే కొను, లివర్‌ది పాతకాలపుది" అని తీర్పు వచ్చేస్తుంది. రిక్వైర్‌మెంటు చదవకుండా డిజైను మొదలెట్టే జాతి కదండీ మనది!

రెండిట్లోనూ లోపలున్నది ఒకటే: చుట్టలా తిరిగే గాడి ఉన్న పళ్ళెం. అది తిరిగితే నాలుగు దవడలూ ఒకేసారి దగ్గరవుతాయి, దూరమవుతాయి. కీ చక్‌లో ఆ పళ్ళేన్ని గేరు తిప్పుతుంది. లివర్ చక్‌లో రెండు ఇనప కడ్డీలతో మనమే తిప్పుతాం. ఒకటి చక్ ఒంటికి, రెండోది రింగుకి. అంతే తేడా.

గేరు లేదు కాబట్టి సాధారణంగా బరువు తక్కువ, పొడవు తక్కువ, ధరా తక్కువ. చిన్న లేత్‌కి కావలసింది అదే. చెక్క బేరింగుకి ఎంత దూరంగా వేలాడితే అంత వణుకు. ఆ వణుకు తెచ్చుకోడానికి డబ్బు ఎక్కువ పెట్టడమెందుకో నాకర్థం కాదు.

"గేరు బిగువు వేరు బాసూ" అంటారు. ఏ చెక్కకి? ఏటికొప్పాకలో వాడేది అంకుడు కర్ర. లేత్ మీద తిప్పుతూ లక్క ఆనిస్తే రాపిడి వేడికే కరిగి అంటుకుంటుంది. మన పక్కనే ఉన్న కొండపల్లిలోది తెల్ల పొణికి. అది తేలికైన చెక్క, ఆ బొమ్మలు చేత్తో చెక్కేవి, లేత్ మీద తిప్పేవి కావు. (అవీ లేత్ బొమ్మలేనని వాదించేవాళ్ళకో దండం.) ఇలాంటి మెత్తటి కర్రని అతిగా బిగిస్తే పట్టు పెరగదు, చెక్క నలుగుతుంది.

అసలు పట్టు ఉండేది చెక్క చివర మనం తీసే కుసురులో. దాని భుజం దవడల మీద చదునుగా ఆనాలి, కొస చక్ అడుగుకి తగలకూడదు. దవడలు దాదాపు పూర్తి గుండ్రంగా వచ్చే కొలతకి కాస్త పెద్దగా ఉంటే చాలు. డెల్టా వానల్లో పచ్చి కర్ర మీద తీసిన కుసురు ఆరేకొద్దీ కోలగా మారుతుంది. అప్పుడు ఏ గేరూ కాపాడదు, మళ్ళీ గుండ్రం చేసుకోవాల్సిందే.

ఎదుటివాళ్ళ బలమైన వాదన ఒకటుంది: రెండు చేతులూ కడ్డీలకే పోతే చెక్కనెవరు పట్టుకుంటారు? నిజమే. టెయిల్‌స్టాక్ జరిపి ఆనించండి, అది పట్టుకుంటుంది. లేత్‌కి స్పిండిల్ లాక్ ఉంటే ఒక్క కడ్డీతో పనైపోతుంది. రోజుకి యాభై కుంకుమ భరిణెలు తీసే వ్యాపారమో, పెద్ద పెద్ద గిన్నెల పనో అయితే కీ చక్కే కొనుక్కోండి, నేనే చెప్తున్నా. నెలకి రెండు భరిణెలు చేసేవాడికి ఆ వాదన వర్తించదు.

నాకు అసలు కోపం మూడో రకం సలహా మీద. "ఆటోనగర్లో ఇనుం పని చేసే మూడు దవడల చక్ దొరుకుతుంది, అదే పెట్టేయ్!" అయ్యా, ఆ సన్నటి దవడలు చెక్కని మూడు చోట్ల కొరుకుతాయి, బయటికి పొడుచుకొచ్చి తిరుగుతూ వేళ్ళ కణుపులు లేపేస్తాయి. ఆటోనగర్‌కి తప్పకుండా వెళ్ళండి, కానీ మీ స్పిండిల్ మరకి సరిపోయే అడాప్టర్ తీయించుకోడానికి. కొనేముందే ఆ మర కొలత చూసుకోండి: 1 అంగుళం 8 మరలా, ఎం33 ఆ, ఇంకోటా అని.

చక్ ఏదైనా స్విచ్ వేసే ముందు కీ, కడ్డీలు తీసేశామో లేదో చూసుకోవాలి. చెక్క వ్యాసం అంగుళాల్లో తీసుకుని వేగంతో గుణిస్తే 6000 నుంచి 9000 మధ్యలో ఉండాలన్నది పాత లెక్క. అంటే 6 అంగుళాల గిన్నెకి 1000 నుంచి 1500 చుట్లు. వంకర మొద్దయితే ఇంకా తక్కువతో మొదలెట్టాలి.

లివర్ చక్ కొంటే మిగిలిన డబ్బుతో మంచి గాజ్ ఉలి ఒకటి, మొహం మొత్తం కప్పే షీల్డు ఒకటి కొనండి. చక్ బ్రాండు గురించి నాలుగు వారాలు కొట్టుకుని, షీల్డు దగ్గర డబ్బులు చూసుకునే తెలివికి నా దగ్గర మందు లేదు.