బెరడు గీకుట కాదు, బొమ్మ చెక్కుట

“చెట్టు బెరడు గీకటం కూడా ఒక విద్యేనా మాస్టారూ?” అని ఉన్నత విద్యావంతులైన మిత్రులొకరు నన్ను అడిగారు. అంతటితో ఆగక, పనిలేని మంగలి పిల్లితల గొరిగిన సామెతను కూడా జ్ఞాపకం చేశారు. సామెతకు సమాధానం తరువాత చెబుతాను. ముందు ఆ బెరడు సంగతి చెప్పాలి. వస్తువును చూడకుండానే తీర్పు చెప్పేవారు సాహిత్యంలోనే కాదు, వడ్రంగంలోనూ ఉన్నారు.

మా అమ్మాయి కాపురం అమెరికాలో, నెబ్రాస్కా రాష్ట్రపు ఒమాహా నగరంలో. అక్కడి మిస్సోరి నది ఒడ్డున కాటన్‌వుడ్ అనే మహావృక్షాలున్నాయి. వేసవి మొదట్లో వీటి గింజలు దూదిపింజలు కట్టుకొని గాలిలో ఎగురుతాయి. అందుకే ఆ పేరు. పేరు విని మనవారు దీనిని బూరుగు అనుకుంటారు. కాదు, ఇది పోప్లార్. ఉత్తర భారతంలో పొలం గట్ల వెంట ప్లైవుడ్డుకూ అగ్గిపుల్లలకూ పెంచే పోప్లార్ దీని సంతతే. ఆకు మాత్రం మన రావిని తలపిస్తుంది. కాడ పక్కలకు నొక్కినట్లు పలచగా ఉండటంచేత చిరుగాలికే వణుకుతుంది. రావికి ‘చలదళము’ అని పేరుపెట్టిన మన నిఘంటుకారులు దీనిని చూసి ఉంటే ఆ పేరులో దీనికీ వాటా ఇచ్చేవారు. కాన్సాస్ 1937లో, నెబ్రాస్కా 1972లో దీనిని తమ రాష్ట్రవృక్షంగా ప్రకటించుకున్నాయి.

ముదిరిన చెట్టు బెరడు రెండు మూడు అంగుళాల మందం ఉంటుంది. వాయవ్య రాష్ట్రాలలోని నల్ల కాటన్‌వుడ్ వృద్ధవృక్షాలకు అంతకు మించి కూడా ఉంటుంది. బొమ్మలకు పనికివచ్చేది చచ్చి ఎండిన చెట్టు నుండి విడివడిన బెరడే. బతికిన చెట్టుకు చుట్టూ బెరడు ఒలిస్తే అది చచ్చిపోతుంది. ఆకులు వండిన ఆహారం వేళ్లకు దిగేది లోబెరడు గుండానే కదా! కనుక ఇది వృక్షహింస అనే ఆక్షేపణ నిలవదు. వంటచెరకుకు కూడా అంతగా కొరగాని శవశేషం మీద జరిగే పని ఇది.

ఇక గీకటం అన్న మాట. గీకితే ఈ బెరడు బొమ్మ కాదు, పొడి అవుతుంది. చెక్కలో పోగు నడుస్తుంది, బెరడులో పొరలు నడుస్తాయి. కత్తి వాడిగా ఉంటే వెన్నలో దిగినట్లు దిగి, కోసిన చోటు నున్నగా మెరుస్తుంది. మొద్దుబారితే మరుక్షణం ముక్కు కొస రాలిపోతుంది. అందుచేత చెక్కేవాడు కొద్దిసేపు చెక్కి, తోలుపట్టీ మీద కత్తిని సానదీసి, మళ్లీ చెక్కాలి. బెరడు వెలుపల నిలువునా లోతైన పగుళ్లు, వాటి నడుమ గట్లు ఉంటాయి. ఎత్తైన గట్టు ముక్కవుతుంది, ఇరుపక్కల పల్లాలు కంటిగుంటలవుతాయి. పై గరుకును అలాగే వదిలితే జుట్టు, గడ్డం. ఏ ముక్కలో ఏ ముఖం ఉన్నదో కనిపెట్టటానికే ఒక్కొక్కసారి చెక్కటానికి పట్టినంత సమయం పడుతుంది. పొర విడివడితే ఒక చుక్క సూపర్ గ్లూ. చివర అవిసెనూనె పూస్తే ఎండిన మట్టిరంగు ఎర్రని గోధుమ రంగుకు తిరుగుతుంది. (ఆ నూనెగుడ్డను ఉండచుట్టి మూలన పడవేయకండి, తనంత తాను అంటుకోగలదు. పరచి ఆరబెట్టండి.)

మరొక మిత్రులది పెద్ద విమర్శ. “ఎవరు చెక్కినా ఆ గడ్డపు ముసలివాడే, ఆ వంకర కప్పుల పిట్టగూడులాంటి ఇళ్లే. ఇందులో సృజన ఏది?” అంటారు. నిజమే, చాలావరకు అనుకరణే. కానీ ఛందస్సు నేర్చేవాడు మొదట రాసే నూరు కందపద్యాలలో తొంభైతొమ్మిది లోకానికి అక్కరలేనివే. అందుకని గణవిభజన మానిపిస్తామా? నాకు కోపం తెప్పించేది అనుకరణ కాదు. యంత్రం మీద మూడువంతులు చెక్కి అమ్మే మొద్దులను కొని, కనుబొమలు మాత్రం తాము గీసి సంతకం పెట్టేవారున్నారు. సమస్యాపూరణంలో పృచ్ఛకుడు ఒక పాదమిస్తే కవి మూడు పాదాలు పూరిస్తాడు. ఇక్కడ మూడు పాదాలూ పృచ్ఛకుడివే! అలాగే అరిజోనాలోని హోపీ జనులు కాటన్‌వుడ్ వేరుతో చెక్కే కచీనా బొమ్మలకు నకళ్లు తీయటం కూడా నాకు నచ్చదు. అవి వారి దైవస్వరూపాలు, ఆడపిల్లలకు పవిత్రంగా ఇచ్చేవి. అటువంటి నకళ్లను ఆదివాసులు చేసినవిగా చెప్పి అమ్మటాన్ని అమెరికా 1990లో చట్టం చేసి మరీ నిషేధించింది.

ఇప్పుడు సామెత. కదిలే పిల్లి తలను గాటు పడకుండా గొరగటం ఎవరివల్ల అవుతుందో చెప్పండి! అంతటి హస్తకౌశలం ఉన్నవాడిని చూసి మనం తరతరాలుగా నవ్వుతున్నాము. పనిలేని పండితుడు పామువలె, చక్రమువలె పద్యాన్ని చుట్టి చిత్రబంధం రాస్తే మాత్రం శాలువా కప్పాము. తేడా ఎక్కడ? మొదటివాడిది చేతిపని, అంతే. వాత్స్యాయనుడు చెప్పిన అరువదినాలుగు కళలలో ‘తక్షణము’, అంటే వడ్రంగం, ఉన్నది. ఆ జాబితాను అప్పజెప్పే మనం వడ్రంగిని మాత్రం గుమ్మం బయటనే నిలబెట్టి మాట్లాడాము. కావ్యాలలో బెరడు మునులకు వల్కలం, నాయికలకు భూర్జపత్రం. పనివాడి చేతిలో పడేసరికి చెత్త!

చేతిపనిని చదువుకు నడుమ నిలపాలని 1937లో వార్ధా సమావేశంలో గాంధీజీ చెప్పారు. నేను పనిచేసిన ఒక పాఠశాలలో కాలపట్టిక మీద వారానికి రెండు క్రాఫ్టు పీరియడ్లు ఉండేవి. పదో తరగతి ఫలితాల పేరిట ఆ రెండూ లెక్కల పాలైనాయి. ఉలులు, బాడితెలు బీరువాలో తాళం కింద తుప్పుపట్టాయి. తనిఖీకి వచ్చినవారెవరూ ఆ తాళం తీయమనలేదు. అటువంటి బడులలో చదివినవారే నేడు కొండపల్లి బొమ్మను అద్దాల బీరువాలో పెట్టి, “మా సంస్కృతి” అని అతిథులకు చూపుతారు. అది తెల్లపొణికి కర్ర అనీ, అతుకులకు చింతగింజల పిండితో, రంపపు పొట్టుతో చేసిన మక్కు వాడతారనీ చెప్పబోతే గడియారం చూసుకుంటారు. వారి పిల్లవాడు పెన్సిలు చెక్కుకోవటానికి బ్లేడు పట్టుకుంటే ఇల్లంతా కేకలు.

యంత్రం చెక్కగలదు కదా అంటారు. కారు కూడా పరుగెత్తగలదు. మీరు ఉదయపు నడక మానుకున్నారా?

కొందరు బెరడు ముక్కలు తెచ్చిపెట్టమని అడుగుతున్నారు. చెట్ల భాగాలను దేశంలోకి తీసుకురావటానికి క్వారంటైన్ నిబంధనలున్నాయి, నేను తేలేను. తెల్లపొణికి కొనవద్దు, కొండపల్లి చుట్టుపక్కల అది నానాటికీ అరుదైపోతున్నది, వృత్తిగా బతికేవారికి వదలండి. మనుమలకు ముందు ఒక స్నానపు సబ్బుబిళ్ల, ఒక పలచని వెదురుపుల్ల ఇవ్వండి. చేప ఆకారం తేలిక, తాబేలు ఇంకా తేలిక. నెల గడిచిన తరువాత చిన్న కత్తి ఇచ్చి, సబ్బు పట్టుకున్న చేతికి తోలుతొడుగు వేయించి, కత్తిని ఎప్పుడూ తమకు ఎదురుదిక్కుగా నెట్టమని చెప్పి, పక్కనే కూర్చోండి.