2025 అనిమే: కొట్టుకునేవాళ్లకే తెలుగొస్తుందా?

ఈసారి ఫోన్ రివ్యూ కాదు. కానీ ఫోన్ రివ్యూల వల్లే మొదలైంది కాబట్టి ఇక్కడే రాస్తున్నా.

గత మూడేళ్లలో నేను అనిమే చూసింది డిస్‌ప్లే టెస్ట్ చేయడానికి మాత్రమే. కొత్త ఫోన్ చేతికి రాగానే డీమన్ స్లేయర్‌లో ఒక చీకటి సీన్ పెట్టడం, నలుపు నిజంగా నలుపుగా ఉందా బూడిద రంగులోకి పోతోందా చూడటం, రంగు మెల్లగా మారే చోట చారలు పడుతున్నాయా చూడటం, రెండు నిమిషాల్లో క్లోజ్ చేసేయడం. తంజిరో ఎవరితో ఎందుకు కొట్లాడుతున్నాడో నాకు అక్కర్లేదు.

బీటెక్‌లో ఇలా ఉండేది కాదు. నరుటో షిప్పుడెన్ 500 ఎపిసోడ్లు ఫిల్లర్లతో సహా చూసినవాణ్ణి. హాస్టల్‌లో పెన్‌డ్రైవ్‌ల మీద తిరిగే 10-బిట్ ఫైళ్లను అప్పటి ఫోన్ చిప్‌లు హార్డ్‌వేర్ డీకోడర్‌లో ఆడించలేకపోయేవి. సాఫ్ట్‌వేర్ డీకోడర్‌కి మార్చి చూస్తే రెండో ఎపిసోడ్‌కే ఫోన్ ఇస్త్రీపెట్టెలా కాలేది. అదంతా పైరసీయే, గొప్పగా చెప్పుకోవట్లేదు. తర్వాత ఉద్యోగం, స్టాండప్ కాల్స్, అర్ధరాత్రి రిలీజ్‌లు. 2023 నవంబర్‌లో ఎటాక్ ఆన్ టైటాన్ అయిపోయిందని ఎవరో స్టేటస్ పెడితే తెలిసింది. ముగింపు ఇప్పటికీ చూడలేదు.

ఈ ఏడాది మళ్లీ లాగింది మా బాబాయి కొడుకు. పదో తరగతి. డీమన్ స్లేయర్ ఇన్ఫినిటీ క్యాజిల్ సెప్టెంబర్ 12న తెలుగులో కూడా రిలీజైంది కదా. "అన్నా, నువ్వు తీసుకెళ్తేనే పంపుతానంటంది అమ్మ" అని నా వర్క్ ఫ్రమ్ హోమ్ టేబుల్ పక్కన వచ్చి నిలబడ్డాడు. ఆదివారం సత్తెనపల్లి నుంచి గుంటూరుకి బండి మీద పోయాం. సినిమా 155 నిమిషాలు. సీట్లలో సగం మంది వాడి ఈడువాళ్లే. కత్తి దూస్తే ఈలలు, పేరు పలికితే అరుపులు. నేను మాత్రం చేతులు కట్టుకుని, యూఫోటేబుల్ వాళ్ల త్రీడీ బ్యాక్‌గ్రౌండ్ ఎక్కడ అతికింది, ఎక్కడ అతకలేదు అని చూస్తూ కూర్చున్నా. పాత అలవాటు.

(ఇక్కడి నుంచి స్పాయిలర్లు ఉన్నాయి, చూడనివాళ్లు జాగ్రత్త.) అకాజాతో ఫైట్ మంచి ఊపులో ఉండగా ఆపేసి, వాడి మనిషి జన్మ కథ మొదలెడతారు. జబ్బుపడిన తండ్రికి మందులు కొనడానికి జేబులు కొట్టే కుర్రాడు వాడు. ఇంగ్లీష్ రివ్యూల్లో చాలామంది ఇక్కడే విసుక్కున్నారు, ఫైట్ మధ్యలో ఇంత పొడుగు ఫ్లాష్‌బ్యాక్ ఏంటని. మన హాల్లో ఒక్కడు విసుక్కోలేదు. ఇంటర్వెల్ తర్వాత విలన్‌కో హీరోకో ఫ్లాష్‌బ్యాక్ రావడం మనకి పుట్టినప్పటి నుంచి అలవాటే. ఈలలేసిన పిల్లలంతా సైలెంట్ అయిపోయారు. పక్కకి చూస్తే మా తమ్ముడు కళ్లు తుడుచుకుంటూ, నేను చూడట్లేదనుకుంటున్నాడు. నాకూ గొంతు పట్టేసింది, ఒప్పుకోవాలి. జపనీస్‌లో వింటూ ఇంగ్లీష్‌లో చదివినన్నాళ్లూ ఇలా ఎప్పుడూ అవ్వలేదు. చదివేటప్పుడు కళ్లు స్క్రీన్ కింద ఉంటాయి, మొహం మీద ఉండవు.

ఆ రాత్రే సబ్‌స్క్రిప్షన్ తీసుకున్నా. మూడు నెలల్లో ఈ ఏడాది పేరొచ్చిన వాటిలో కుదిరినన్ని చూశాను. అన్నీ కాదు. అన్నీ చూశానని చెప్పేవాళ్లని నమ్మొద్దు, ఉద్యోగం ఉన్నవాడికి అది కుదరదు.

ముందు సోలో లెవెలింగ్ రెండో సీజన్. జనవరి 4 నుంచి మార్చి చివరి దాకా 13 ఎపిసోడ్లు, తెలుగు డబ్బింగ్ ఉంది. మొదటి సీజన్‌కి మే నెలలో టోక్యోలో క్రంచీరోల్ వాళ్ల అనిమే ఆఫ్ ద ఇయర్ అవార్డొచ్చింది. ఆ ఫంక్షన్లో అవార్డులిచ్చినవాళ్లలో రష్మిక కూడా ఉంది. నా వరకు ఇది అనిమే వేషంలో ఉన్న మన మాస్ సినిమా. జేజు ద్వీపంలో చీమల రాజు పెద్దపెద్ద హంటర్లని వరసగా కొట్టిపడేస్తాడు, అందరూ చచ్చామనుకున్న టైంలో జిన్‌వూ దిగుతాడు. నేల మీద కాలు పెట్టకముందే గెలిచేశాడని మనకి తెలుసు. ప్రతి ఎపిసోడ్‌లో నలుగురు నోళ్లు తెరిచి "వీడు ఎవడ్రా" అన్నట్టు చూస్తారు. దీనికి ఇంగ్లీష్‌లో మాట లేదు, మనకుంది: ఎలివేషన్. యానిమేషన్ అద్భుతం, వంక పెట్టలేం. కానీ ఓడిపోడని తెలిసినవాడి కోసం నేను ఇప్పుడు టెన్షన్ పడలేకపోతున్నా. పదిహేనేళ్లప్పుడు పడేవాణ్ణి. మా తమ్ముడు పడుతున్నాడు, అది వాడి హక్కు.

లాజరస్ మీద చాలా ఆశ పెట్టుకున్నా. కౌబాయ్ బీబాప్ తీసిన వతనబే, మాపా స్టూడియో, ఫైట్లకి జాన్ విక్ డైరెక్టర్ చాడ్ స్టహెల్‌స్కీ. నొప్పి తీసే మందు మింగినవాళ్లంతా మూడేళ్ల తర్వాత చనిపోతారు, దాన్ని కనిపెట్టిన డాక్టర్‌ని 30 రోజుల్లో పట్టుకోవాలి. పాయింట్ అదిరింది. పరుగులూ బాగున్నాయి. పరిగెత్తేవాళ్ల మీదే నాకు ఇష్టం కలగలేదు. స్పెక్ షీట్ చూసి ఫ్లాగ్‌షిప్ అనుకుని కొంటే వాడకంలో ఏమీ అనిపించని ఫోన్లు ఉంటాయి చూడండి, అదే బాపతు. వన్ పంచ్ మ్యాన్ మూడో సీజన్ గురించి మాట్లాడకపోవడమే మర్యాద. కదలాల్సిన చోట స్లైడ్ షో నడిచింది. జెన్షూలో డెడ్‌లైన్ గోలలో పాచిపోయిన డబ్బా తిని చనిపోయే యానిమేషన్ డైరెక్టర్‌ని చూసి మా టీమ్ గుర్తొచ్చింది, తర్వాత కథ మామూలే.

ఇక టకోపీస్ ఒరిజినల్ సిన్. జూన్ చివర్లో మొదలైంది, మొత్తం ఆరే ఎపిసోడ్లు. మన తరం డోరేమాన్‌ని తెలుగులో చూస్తూ పెరిగింది కదా, నోబితాకి కష్టమొస్తే జేబులోంచి ఒక వస్తువు వచ్చేది, సమస్య తీరేది లేదా నవ్వొచ్చేది. ఇందులోనూ ఆక్టోపస్ లాంటి గులాబీ రంగు జీవి హ్యాపీ ప్లానెట్ నుంచి గాడ్జెట్లు పట్టుకుని దిగుతుంది. కలిసేది షిజుకా అనే చిన్న పిల్లని. స్కూల్లో రోజూ హింస, ఇంట్లో పట్టించుకునేవాళ్లు లేరు. టకోపీకి ఆ బాధ అర్థమే కాదు. ఒక రిబ్బన్ ఇస్తే స్నేహం కుదిరిపోతుందనుకుంటుంది. ఆ రిబ్బన్‌తో ఏం జరిగిందో ఇక్కడ రాయను. గాడ్జెట్‌తో తీరని కష్టాలుంటాయని ఒక గాడ్జెట్ సైట్‌లో రాయడం నాకే నవ్వొస్తోంది గానీ, ఈ ఏడాది నన్ను నిద్రపోనివ్వనిది ఇదే. పోస్టర్‌లో బొమ్మ ముద్దుగా ఉంటుంది. చిన్నపిల్లల కార్టూన్ అనుకుని పెట్టేయకండి, ఆత్మహత్య ఉంది, పిల్లల మీద హింస ఉంది. మా తమ్ముడు బొమ్మ చూసి పెట్టమంటే నేనే ఆపా.

ఒక చిన్న టెక్ మాట, ఇది చెప్పకపోతే ఎడిటర్ ఊరుకోడు. అనిమే సెకనుకి 24 ఫ్రేములు. 60 హెర్ట్జ్ స్క్రీన్ మీద 24ని సమానంగా పంచలేం, ఒక ఫ్రేము మూడుసార్లు, ఇంకోటి రెండుసార్లు చూపించాలి. అందుకే కెమెరా మెల్లగా పక్కకి జరిగే సీన్లలో చిన్న జర్క్ కనిపిస్తుంది. 120 హెర్ట్జ్‌లో ప్రతి ఫ్రేమూ ఐదుసార్లు, లెక్క సరిపోతుంది. అయితే కొన్ని ఫోన్లు వీడియో యాప్ తెరవగానే 60కి దిగిపోతాయి, సెట్టింగ్స్ చూసుకోండి. టీవీలో మోషన్ స్మూతింగ్ మాత్రం తప్పకుండా ఆఫ్ చేయండి. ఆర్టిస్ట్ సెకనుకి 12 బొమ్మలో 8 బొమ్మలో గీసి ఒక లయ పెడితే, టీవీ మధ్యలో తనకి తోచినవి ఇరికిస్తుంది.

టీవీ అంటే గుర్తొచ్చింది, అసలు సంగతి అక్కడే జరిగింది.

అపోకలిప్స్ హోటల్ అని ఏప్రిల్‌లో వచ్చింది, 12 ఎపిసోడ్లు. పెద్ద పేరేం రాలేదు. ఏదో మాయరోగం వల్ల మనుషులంతా భూమి వదిలి అంతరిక్షంలోకి వెళ్లిపోతారు. టోక్యో గింజాలో ఒక హోటల్‌ని రోబోలు నడుపుతుంటాయి. మేనేజర్ స్థానంలో ఉన్నది యాచియో అనే రోబో పిల్ల. ఓనర్ తిరిగొస్తానన్నాడు. వందేళ్లయింది. ఒక్క గెస్ట్ రాడు. అయినా రోజూ పక్కలు సర్దుతారు, డోర్‌మ్యాన్ రోబో తలుపు తీస్తూ వేస్తూనే ఉంటుంది. బాత్‌రూమ్‌లో షాంపూ టోపీ ఒకటి కనపడలేదని యాచియో గొడవ గొడవ చేస్తుంది.

ఇది హాల్లో టీవీ మీద చూస్తుంటే నాన్న వచ్చి కూర్చున్నాడు. నాన్న జిన్నింగ్ మిల్లులో గుమాస్తాగా చేశాడు. బొమ్మల సినిమాలంటే లెక్కలేదు, కానీ ఈ జులైలో మహావతార్ నరసింహ తెలుగులో వస్తే అమ్మతో పోయి చూసొచ్చి రెండు రోజులు చెప్పాడు. కాబట్టి బొమ్మలంటే పడక కాదు. ఆయన ఇంగ్లీష్ కూడబలుక్కుని చదువుతాడు. రెండో ముక్క చదివేలోపు సబ్‌టైటిల్ మారిపోతుంది. "ఏందిరా, ఆ పిల్ల ఎందుకట్లా పరిగెడతంది?" అన్నాడు. పాజ్ చేసి చెప్పా. ఇంకో నిమిషానికి మళ్లీ పాజ్. 24 నిమిషాల ఎపిసోడ్ ముప్పావు గంట పట్టింది. అయిపోయాక కాసేపు మాట్లాడలేదు. తర్వాత, "మా మిల్లు మూతపడ్డాక వాచ్‌మన్ కూడా ఇంతేరా. లోపల బేలు లేదు, బయట లారీ లేదు. రోజూ పొద్దున్నే కాటా తుడిచి, రిజిస్టర్‌లో తేదీ వేసి కూర్చునేవాడు. జీతం కూడా సరిగ్గా రాలేదు" అన్నాడు. ఆ వాచ్‌మన్ గురించి నేను వినడం అదే మొదటిసారి.

చూసినప్పుడు నా యాప్‌లో ఈ సిరీస్‌కి తెలుగు ఆడియో లేదు, తెలుగు సబ్‌టైటిల్ లేదు. టకోపీకీ లేదు. నాకు కనపడిన తెలుగంతా కత్తుల దగ్గర, రాక్షసుల దగ్గరే ఉంది. లెక్క నాకు అర్థమవుతుంది. డబ్బింగ్‌కి స్టూడియో, ఆర్టిస్టులు, డబ్బు కావాలి, ముందు ఎక్కువమంది చూసేదానికే పెడతారు. కానీ ఎక్కువమంది అంటే పదిహేనేళ్ల కుర్రాళ్లేనని ముందే అనుకుని పెడితే, ఎప్పటికీ వాళ్లే చూస్తారు.

పైగా భాష పరంగా మనకున్న సౌకర్యం ఇంగ్లీష్‌కి లేదు. జపనీస్‌లో ఎవరిని ఎలా పిలుస్తున్నారన్నదే సగం కథ. చెల్లి "ఒనీచాన్" అంటే ఇంగ్లీష్ సబ్‌టైటిల్‌లో చాలాసార్లు పేరొస్తుంది, మనకి "అన్నయ్య" రెడీగా ఉంది. అపోథెకరీ డైరీస్ రెండో సీజన్ కూడా ఈ ఏడాదే వచ్చింది. అంతఃపురంలో మావోమావో పెద్దవాళ్లతో అణకువగా మాట్లాడుతూనే మొహంలో మాత్రం పురుగుని చూసినట్టు చూస్తుంది. ఇంగ్లీష్‌లో ఆ వినయం చప్పబడిపోతుంది. తెలుగులో "చిత్తం, తమరి దయ" అని ఆ మొహం పెట్టిస్తే చాలు, సీన్ పండుతుంది. నువ్వు, మీరు, తమరు, గారు, రా... ఇన్ని మెట్లున్న భాష మనది. కానీ నేను విన్న తెలుగు డబ్బింగ్‌లలో డైలాగులు ఇంగ్లీష్ మీదుగా తిరిగొచ్చినట్టే అనిపిస్తాయి, అందరూ ఒకే పుస్తకాల తెలుగు మాట్లాడతారు. బ్రహ్మానందం పుట్టిన చాగంటివారిపాలెం మాకు కూతవేటు దూరం. యాసతో ఎంత పని చేయించవచ్చో మా వైపు వాళ్లకి ఎవరూ చెప్పక్కర్లేదు.

ఏఐతో చేసేయొచ్చుగా అని కామెంట్ పెట్టబోతున్నవాళ్లకి: నేను రోజూ కోడ్‌కి ఏఐ వాడతా, నాకు దాని మీద కోపం లేదు. కానీ జులైలో నెక్రోనోమికో అనే సిరీస్ జర్మన్ సబ్‌టైటిల్స్‌లో "చాట్‌జీపీటీ చెప్పింది" అనే ముక్క అలాగే స్క్రీన్ మీదకొచ్చేసింది. అంటే మనిషెవడూ ఒక్కసారి కూడా చదవలేదని. అమెజాన్ బనానా ఫిష్‌కి ఏఐ ఇంగ్లీష్ డబ్బింగ్ పెట్టి, జనం తిట్టాక తీసేసింది. ఇంగ్లీష్, జర్మన్ వాళ్లకే అలా జరిగితే తెలుగు దగ్గర తప్పొస్తే పట్టుకునేదెవరు? మెషీన్ డ్రాఫ్ట్ ఇవ్వనీ, పైన తెలుగు తెలిసిన మనిషి కూర్చోవాలి, ఆ మనిషికి డబ్బులివ్వాలి.

నేనడిగేది డబ్బింగ్ కూడా కాదు, సబ్‌టైటిల్స్. యూటీఎఫ్-8లో తెలుగు కోడ్‌పాయింట్ ఒక్కోటి 3 బైట్లు. ఒక ఎపిసోడ్‌కి 350 లైన్లు, లైన్‌కి 40 వేసుకున్నా 42 కేబీ. వీడియో వందల ఎంబీలు. కొన్ని పాత టీవీల్లో ఒత్తులు విడిపోయి "క్షమించు" కాస్తా నడుం విరిగినట్టు కనిపిస్తుంది, ఆ ఫాంట్ సమస్య సరిచేయాలి. మన మాటలు పొడుగు కాబట్టి లైన్ ఇంకొంచెంసేపు ఉంచాలి. ఇవేవీ రాకెట్ సైన్స్ కాదు. యాప్‌లో ఫీడ్‌బ్యాక్ ఫారం ఉంటుంది, నేను రెండుసార్లు నింపా. ఆటో రిప్లై వచ్చింది. మీరూ నింపండి.

ఈలోగా మా ఇంట్లో సబ్‌టైటిల్ నేనే. ఎనిమిది ఎపిసోడ్లయ్యాయి. మొన్న స్ప్రింట్ రివ్యూ కాల్‌లో ఉండగా నాన్న తలుపు తీసి, నేను మ్యూట్ కొట్టేదాకా ఆగి, "ఆ రోబో పిల్ల దగ్గరికి మనుషులు వచ్చారా లేదా?" అని అడిగాడు. ఆదివారం చెప్తానన్నా.