గుడారాల పనా? గొలుసు బేరమా?



జూన్ నెల వస్తోందంటే మన ఇళ్లలో గుండె దడ. పిల్లల ఫీజులు ఆ నెలలోనే, విత్తనాల ఖర్చు ఆ నెలలోనే. ఎండాకాలమంతా పొలం పని లేక ఖాళీగా ఉన్న చేతుల్లో అప్పటికి పైసా మిగలదు. అందుకే ప్రార్థనకు ఏ ఇంటికి వెళ్లినా ఒకటే మాట: "అయ్యగారూ, ఇంటి పట్టున ఉండి తీరిక వేళల్లో చేసుకునే పని ఏదైనా ఉంటే చెప్పండి." అలా అడగడంలో తప్పు లేదు. మనం చెప్పుకునే జవాబుల్లోనే తప్పుంది. ఈ రోజు కొంచెం కఠినంగా మాట్లాడతాము, ఓర్చుకోండి.

మొదటి తప్పు, ఒళ్లు వంచే పనిని చిన్నచూపు చూడడం. మా ఇంట్లో కుట్టుమిషన్ పెట్టిన వారమే ఊళ్లో గుసగుసలు బయల్దేరాయి. "పాస్టరమ్మగారు జాకెట్లు కుడుతున్నారట. విశ్వాసం తగ్గిందా ఏమిటి?" గేదె పాలు ఇంటింటికీ పోసే సహోదరుణ్ణి, బస్టాండు దగ్గర ఇడ్లీలు అమ్మే సహోదరిని చూసి కూడా "దేవుడు పోషించడా? అంత ఆశ దేనికి?" అన్నవాళ్లు మనలో ఉన్నారు.

దేవుడు పోషిస్తాడు, సందేహం లేదు. అరణ్యంలో మన్నా కురిపించాడు. కానీ అది ఎవరి గుడారంలోకీ నడిచి రాలేదు. తెల్లవారగానే లేచి, బయటికి వెళ్లి, వంగి ఏరుకున్నవాళ్లే తిన్నారు. రూతు ఏం చేసింది? అత్తను పోషించడానికి బోయజు పొలంలో పరిగె ఏరుకుంది. మన అమ్మలు, అమ్మమ్మలు వరి కోతల తరువాత చేసిన పనే అది. సామెతలు 31వ అధ్యాయంలోని గుణవతి ఇల్లు చక్కబెట్టుకుంటూనే బట్టలు తయారుచేసి వర్తకులకు అమ్మింది. ఆమెను విశ్వాసం లేనిది అని ఎవరైనా అన్నారా?

అపొస్తలుడైన పౌలు కొరింథులో అకుల, ప్రిస్కిల్లల ఇంట ఉండి గుడారాలు కుట్టాడు. ఎవరికీ భారం కాకూడదని రాత్రింబగళ్లు పనిచేశానని థెస్సలొనీకయులకు తానే రాశాడు. పగలు సూది పట్టిన చేయి సువార్తకు పనికిరాలేదా? అంత దూరం ఎందుకు, విలియం కేరీ ఇంగ్లండులో చెప్పులు కుట్టాడు. బెంగాలుకు వచ్చాక 1794 నుంచి కొన్నేళ్లు నీలిమందు ఫ్యాక్టరీ చూసుకుంటూ బైబిలు తర్జుమా సాగించాడు. 1814లో తెలుగు వ్యాకరణం ప్రచురించింది కూడా ఆయనే. ఆ చేతులను గౌరవించి, మన సంఘంలో పాలు పోసే చేతులను వెక్కిరిస్తామా?

రెండో తప్పు మరీ ఘోరం. ఇడ్లీల బండిని చిన్నచూపు చూసిన మనమే, టై కట్టుకుని కారులో వచ్చి "ఐదు వేలు కట్టండి, ముగ్గురిని చేర్పించండి, కూర్చున్న చోటే ఆదాయం" అన్నవాడికి కుర్చీ వేశాము. ఆ కుర్చీ వేసింది మేమే, దాచుకోము. ఆరాధన అయ్యాక, మందిరంలో, మన చాపల మీదే ఆ మీటింగు జరగనిచ్చాము. ఒక విధవరాలు చెవిదిద్దులు తాకట్టు పెట్టి డబ్బు కట్టింది. ఆ దిద్దులు ఇంకా విడిపించలేదు. ఆమె ముందు మేము తల దించుకునే ఉన్నాము.

ఆ రోజు వేయాల్సిన లెక్క ఈ రోజు వేద్దాము. ఒకరు ముగ్గురిని చేర్పిస్తే, ఆ ముగ్గురు తొమ్మండుగురిని, వాళ్లు 27 మందిని, వాళ్లు 81 మందిని చేర్పించాలి. నాలుగు వరుసలకే 120 మంది. మేడగదిలో కూడుకున్నవారు దాదాపు అంతమందే. మన సంఘమూ అంతే. చివరి వరుసలోని 81 మంది తమ డబ్బు తిరిగి రాబట్టుకోవాలంటే ఇంకో 243 మంది కావాలి. ఎక్కణ్ణుంచి తెస్తారు? వాళ్ల సొమ్మే పైవాళ్ల "ఆశీర్వాదం". వస్తువు అమ్మి లాభం తీసుకుంటే అది వ్యాపారం. మనిషిని చేర్పిస్తేనే డబ్బు వస్తే అది గొలుసు. ఇలాంటి స్కీములను మన దేశం 1978లోనే చట్టం చేసి నిషేధించింది. సహోదర ప్రేమను సరుకు చేసి అమ్మడం అంతకంటే పెద్ద నేరం.

ఫోనులో వచ్చే "పార్ట్‌టైమ్ జాబ్" కూడా ఆ తానులో ముక్కే. వీడియోకు లైక్ కొట్టమంటారు, నమ్మకం కుదరడానికి మొదట నూటయాభై వేస్తారు, తరువాత పెద్ద టాస్కు అంటూ వేలకు వేలు కట్టించుకుని మాయమవుతారు. అలా మోసపోతే సిగ్గుపడి దాచకండి, వెంటనే 1930కి ఫోను చేయండి. ఆలస్యమైతే సొమ్ము చేయి దాటిపోతుంది.

అందుచేత కొత్త పని ఏదైనా ఎదురైనప్పుడు మూడు ప్రశ్నలు వేసుకోండి. పని ఇచ్చేవాడు ముందుగా మన దగ్గరే డబ్బు అడుగుతున్నాడా? నాకు వచ్చే రూపాయి ఎవరి జేబులోంచి, దేనికి బదులుగా వస్తోంది? ఈ పని నా వేళకు వంగుతుందా, లేక నా నిద్రను, పిల్లలను, ఆరాధనను తినేస్తుందా? మిషన్ కుట్టడం, పచ్చళ్లు పెట్టడం, నాటుకోళ్లు పెంచడం, సాయంత్రం ట్యూషన్ చెప్పడం: వీటిలో ఎవరూ రాత్రికి రాత్రి ధనవంతులు కారు. కానీ జూన్ ఫీజుకు ఎవరి గుమ్మం ముందూ నిలబడనక్కర్లేదు.

ఇకమీదట మన మందిరంలో గొలుసు మీటింగులకు చాప పరచము. దానికి బదులు, పని నేర్చుకోవాలనుకునే అక్కచెల్లెళ్లకు బుధవారం మధ్యాహ్నం మా ఇంట్లో కుట్టుమిషన్ ఖాళీగా ఉంటుంది, రండి. పాలు పోసే తమ్ముడు ఎదురైతే మొదట మనమే వందనాలు చెబుదాము. ఆ విధవరాలి దిద్దులు విడిపించడం సంఘంగా మన బాధ్యత. మా కుట్టుకూలిలోంచి మొదటి వాటా మేము వేస్తున్నాము.

ప్రభువు మీ చేతుల పనిని దీవించును గాక. ఆమేన్.