పాట పాడితే అయిపోదు, పైసలు పడాలి

2025 నవంబర్ 26న హర్యానాలో ఒక బండి నంబర్‌కు ఆన్‌లైన్ వేలం జరిగింది. 50 వేలతో మొదలైన పాట 1 కోటి 17 లక్షల దాకా పోయింది. హెచ్‌ఆర్ 88 బి 8888 దేశంలోనే అత్యంత ఖరీదైన నంబర్ అని అందరూ చెప్పుకున్నారు. డిసెంబర్ 1తో గడువు ముగిసింది. డబ్బు మాత్రం రాలేదు. పాట పాడిన మనిషి పోగొట్టుకున్నది ఫీజు, డిపాజిట్ కలిపి 11 వేలే. ఆయన ఆస్తులు, ఆదాయం ఎంతో తేల్చాలని రవాణా మంత్రి అనిల్ విజ్ ఆదేశించారు.

హర్యానా నంబర్ ప్లేటుతో కొడిమ్యాలకు ఏం పని అనిపించవచ్చు. కానీ జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల వైపు ఇంటి స్థలం బేరం కుదిరినా, తోట కాపు అమ్మినా పెద్దలు అడిగే మొదటి మాట ఒకటే: బయానా ఎంత ఇచ్చిండు? నోటిమాట మీద సౌదా నిలవదని వాళ్లకు తెలుసు. వేలం ఫోన్‌లోకి వచ్చినా ఆ లెక్క మారలేదు. కోటి రూపాయల పాటకు 11 వేల బయానా పెట్టడమే హర్యానాలో జరిగిన పొరపాటు.

బ్యాంకు వేలంలో వేరే లెక్క

అప్పు కట్టని వారి ఇళ్లు, ప్లాట్లను సర్ఫేసీ చట్టం కింద బ్యాంకులు ఆన్‌లైన్‌లో వేలం వేస్తాయి. పాట గెలిచినవారు అదే రోజు, లేదా మరుసటి పనిదినంలోగా 25 శాతం కట్టాలి. మిగతా 75 శాతానికి వేలం ఖరారైన నాటి నుంచి 15 రోజులే గడువు. బ్యాంకు రాతపూర్వకంగా ఒప్పుకుంటే అది గరిష్ఠంగా మూడు నెలల దాకా పెరుగుతుంది. కట్టకపోతే ఇచ్చిన 25 శాతం పోతుంది, ఆస్తి మీద హక్కూ ఉండదు.

తమిళనాడులో ఒకాయన 12 కోట్ల 27 లక్షలకు పాట పాడి, 3 కోట్ల పైచిలుకు కట్టి, మిగతాది గడువులో కట్టలేకపోయారు. 55 లక్షలు మాత్రం ఉంచుకుని మిగతాది తిరిగివ్వాలని మద్రాసు హైకోర్టు బ్యాంకుకు చెప్పింది. 2024 ఫిబ్రవరి 2న సుప్రీంకోర్టు ఆ తీర్పును కొట్టేసింది. మొత్తం 25 శాతం బ్యాంకుకే చెందుతుందని తేల్చింది. ఉత్తుత్తి పాటలతో వేలం ప్రక్రియే దెబ్బతింటుందన్నది కోర్టు ఆలోచన.

దుబాయ్, సౌదీ సంపాదనతో ఊళ్లో ఇల్లు కొనాలనుకునే కుటుంబాలు గుర్తుంచుకోవాల్సింది ఇదే. లోన్ వస్తుందిలే, అన్న పంపిస్తడులే అని పాట పాడితే ఏళ్ల కష్టం 15 రోజుల్లో పోవచ్చు. మొత్తం సొమ్ముకు దారి చూసుకున్నాకే పాటలో దిగాలి.

రైతుకు రక్ష ఏది?

పసుపు అమ్మే రైతు సంగతి వేరు. ఆయన కొనేవాడు కాదు, అమ్మేవాడు. 2016 ఏప్రిల్‌లో ఈ-నామ్ మొదలైనప్పుడు తొలి విడతలో చేరిన మార్కెట్లలో నిజామాబాద్ ఒకటి. అక్కడ లైసెన్స్ ఉన్న ఖరీదుదారులే ఆన్‌లైన్‌లో ధర వేస్తారు. ధర నచ్చకపోతే రైతు వద్దనవచ్చు. పెద్ద ధర వేసి, కాంటా వేళకు వెనక్కి పోయే ఖరీదుదారుడి మీద రైతుకున్న బలం ఆ లైసెన్సే. కాబట్టి తక్‌పట్టి చేతికి తీసుకోవాలి. పైసలు పడకపోతే ఆలస్యం చేయకుండా మార్కెట్ కార్యదర్శికి రాసి ఇవ్వాలి. తక్‌పట్టి లేకుండా యార్డు బయట అమ్మితే అడగడానికి ఆధారం ఉండదు.

ఇంట్లో కూర్చుని ఫోన్‌లో పాత బండి, ఫర్నిచర్ అమ్మేవారికి చట్టం ఇచ్చే 25 శాతం లేదు, లైసెన్స్ భయమూ లేదు. ఎవరో ఎక్కువ ధర చెప్పి మాయమైతే రెండో ధర చెప్పిన వారిని పిలవడమే మేలు. ఒకరు కొంటామన్నారని మిగతావారిని వెంటనే వద్దనొద్దు. డబ్బు పంపినట్టు స్క్రీన్‌షాట్ చూపిస్తే నమ్మొద్దు, ఖాతాలో పడిందో లేదో చూసుకున్నాకే వస్తువు ఇవ్వాలి. డబ్బు రావడానికి యూపీఐ పిన్ కొట్టాల్సిన పని లేదు. పిన్ అడిగారంటే అది మోసమే. మోసపోతే వెంటనే 1930కి ఫోన్ చేయాలి.

బ్యాంకుకు చట్టం అండ ఉంది, మార్కెట్ యార్డుకు లైసెన్స్ ఉంది. మామూలు మనిషికి మిగిలేది పెద్దల మాటే. పాట ఎంతదాకా పోయిందన్నది కాదు, బయానా ఎంత పడిందన్నదే చూడాలి.