సమాజాన్ని చదివే చదువు

"ఈ చదువు చదివితే ఏ ఉద్యోగం వస్తుంది?" ఇంజనీరింగు, వైద్యవిద్యల పేర్లు చెప్పినప్పుడు తెలుగు ఇళ్లలో ఈ ప్రశ్న తలెత్తదు. సమాజశాస్త్రం అనగానే తలెత్తుతుంది. అప్పు చేసి చదివించే తల్లిదండ్రులు ఫలితాన్ని గురించి అడగడం సహజమే. అయితే ఆ ప్రశ్న వెనుక ఒక అపోహ దాగి ఉంది. సమాజంలో పుట్టి పెరిగినవారు దానిని గురించి ప్రత్యేకంగా చదవవలసినది ఏముంటుందన్నదే ఆ అపోహ.

శరీరం అందరికీ ఉన్నది. అంతమాత్రాన అందరూ వైద్యులు కారు. నిత్యం కంటికి కనిపించేదానినే ప్రశ్నించి, లెక్కించి, పోల్చి చూసినప్పుడు శాస్త్రం పుడుతుంది.

1950ల ఆరంభంలో ఉస్మానియా విశ్వవిద్యాలయ అధ్యాపకుడు శ్యామాచరణ్ దూబే హైదరాబాదు సమీపంలోని శామీర్‌పేటను పరిశీలించారు. కులాల నడుమ ఇచ్చిపుచ్చుకోవడాలు, కుటుంబ కట్టుబాట్లు, పండుగలు, మారుతున్న ఆలోచనలు ఆయన పరిశీలనాంశాలు. 1955లో అది 'ఇండియన్ విలేజ్' గ్రంథంగా వెలువడింది. ఊరివారికి తెలిసిన సంగతులే ఒక క్రమంలో చేరి, తెలుగు పల్లెను ప్రపంచానికి పరిచయం చేశాయి. అదే కాలంలో ఎం.ఎన్. శ్రీనివాస్ మైసూరు ప్రాంతపు గ్రామాన్ని గురించి రాస్తూ 'ఓటు బ్యాంకు' అనే మాటను ప్రయోగించారు. నేడు పత్రికలు నిత్యం వాడే ఆ మాట ఒక పల్లె అధ్యయనంలో కనిపించినదని ఎరిగినవారు తక్కువ.

ఈ చదువు చూపే దారులు అనేకం. బోధన, పరిశోధన, పత్రికారచన, స్వచ్ఛంద సంస్థలు, సంస్థల మానవ వనరుల విభాగాలు వాటిలో కొన్ని. సివిల్ సర్వీసుల మెయిన్స్ పరీక్షలో ఇది ఒక ఐచ్ఛికాంశం. సర్వేల రంగం మరొకటి. తెలంగాణలో 2024 నవంబరులో ఇంటింటి కుల సర్వే మొదలైంది. అటువంటి సర్వేలలో ప్రశ్నను రూపొందించడమే ఒక విద్య. "ఇంటి యజమాని ఎవరు?" అని అడిగితే, కూలి చేసి ఇల్లు నడిపే స్త్రీ సైతం భర్త పేరే చెప్పవచ్చు. "ఇల్లు ఎవరి సంపాదనతో గడుస్తున్నది?" అని అడిగితే జవాబు మారవచ్చు. ఆ తేడా తెలియకుండా తయారైన పట్టికపై పథకం రచిస్తే, సాయం చేరవలసిన చోటికి చేరదు.

కేవలం పట్టా ఉద్యోగం ఇవ్వదన్నదీ నిజమే. గణాంకశాస్త్ర పరిచయం, చక్కని తెలుగు, ఇంగ్లీషు రచన, అరుగుమీద కూర్చుని ఎదుటివారి మాటను ఓపికగా వినే గుణం అలవడాలి. వీటిని సాధించే పట్టుదల లేనివారు ఈ దారిని సులభమని భావించి ఎన్నుకోరాదు. ఆసక్తి ఉన్నవారిని మాత్రం, ఇతర సీట్లు దొరకనివారి చదువని చిన్నచూపు చూడడం తగదు.

వైద్యుడు, ఇంజనీరు సమాజానికి ఎంతో అవసరం. ఆసుపత్రి గడప తొక్కలేనివారు ఎవరో, కట్టిన వంతెన ఏ వాడకు చేరువ కాలేదో కనిపెట్టి చెప్పగలవారూ అంతే అవసరం.