జంతు సంక్షేమ బోర్డులో రైతుకు కుర్చీ ఏది?

జంతువుల్ని కాపాడే జాతీయ సంస్థకు పెద్దగా ఎవరుంటారన్నది పట్నాల వాళ్ల గొడవ కాదు. ఆ కుర్చీల్లో కూర్చున్నవాళ్ల మాట చివరికి మన పశువుల పాక దాకా వస్తుంది.

1960లో జంతుహింస నివారణ చట్టం వచ్చింది. దాని కింద 1962లో భారత జంతు సంక్షేమ బోర్డు ఏర్పడింది. తొలి అధ్యక్షురాలు రుక్మిణీదేవి అరండేల్. నాట్యకారిణి అయిన ఆవిడ రాజ్యసభలో సొంతంగా బిల్లు పెట్టి, నెహ్రూ ప్రభుత్వం ఈ చట్టం తెచ్చేదాకా వదల్లేదు. ఆవిడంటే మాకు గౌరవమే. చట్టం మీదా పేచీ లేదు. మోయలేని బరువు వేసి ఎద్దును పొడిచేవాణ్ణి మన ఊళ్లో కూడా మెచ్చుకోరు.

పేచీ అల్లా ఆ చట్టం 5వ సెక్షన్ మీద. బోర్డులో ఎవరుండాలో అందులో రాశారు. అటవీ శాఖ అధికారి, పశుసంవర్ధక కమిషనర్, పశువైద్యులు, మనుషుల డాక్టర్లు, నగర కార్పొరేషన్ల ప్రతినిధులు, జంతు సంక్షేమ సంఘాల వాళ్లు, ఆరుగురు ఎంపీలు. రైతు ప్రతినిధి అన్న మాట ఎక్కడా లేదు. ఎంపీల్లో ఎవరికైనా పొలం ఉంటే ఉండొచ్చు, అది వేరే సంగతి! ఈ సభ్యుల్లోంచే ఒకరిని కేంద్రం చైర్మన్‌గా పెడుతుంది.

దీనివల్ల ఏమవుతుందో 2017 మే నెలలో చూశాం. పశువుల సంతల మీద కేంద్రం కొత్త నిబంధనలు తెచ్చింది. సంతలో అమ్మే పశువు కోతకు కాదని రాసివ్వాలి. కొనేవాడు తాను వ్యవసాయదారుణ్ణని కాగితం చూపాలి. కొన్నాక ఆరు నెలలు అమ్మకూడదు. గేదెల్నీ వదల్లేదు. వట్టిపోయిన గేదెను అమ్మిన డబ్బుకు నాలుగు రాళ్లు కలిపితేనే కదా ఈనే గేదె పాకలోకొచ్చేది? పాలివ్వని గొడ్డుకు కూడా పూటపూటా గడ్డీ కుడితీ పెట్టాల్సిందే. ఆ ఖర్చు ఎవరిదో నిబంధనల్లో ఒక్క ముక్క లేదు. మద్రాసు హైకోర్టు మదురై బెంచి స్టే ఇచ్చింది, జూలైలో సుప్రీంకోర్టు దాన్ని దేశమంతటికీ వర్తింపజేసింది కాబట్టి బతికాం. ఇలాంటి నిబంధనల మీద కేంద్రానికి సలహా ఇవ్వడం బోర్డు పనుల్లో ఒకటి. పాలు పితికే మనిషి ఒక్కరు అక్కడ ఉంటే, అడగాల్సిన ప్రశ్న అడిగి ఉండేవారు.

2022 జూలై వరదలో లంకల్లోంచి గొడ్లను పడవలెక్కించి ఏటిగట్టుకు చేర్చింది రైతులే. గట్టు మీద వాటికి కావలసింది ఎండుగడ్డి, టీకా, తలమీద ఒక టార్పాలిన్. జంతు సంక్షేమం అంటే మాకు ముందు గుర్తొచ్చేది అదే.

సంక్రాంతికి కోడి కాలికి కత్తి కట్టి లక్షలు కాసేవాళ్లను చూపించి గోదావరి రైతులంతా క్రూరులని కొందరు అంటున్నారు. ఆ బరులు నడిపేది డబ్బున్న పెద్దలు. 2016 డిసెంబరులో ఉమ్మడి హైకోర్టు పందేలు ఆపమంది. ఆపించాల్సింది సర్కారు. వాళ్ల తరఫున మేం వకాల్తా పుచ్చుకోం.

5వ సెక్షన్ సవరించి బోర్డులో రైతులకు రెండు స్థానాలివ్వాలి. అందులో ఒకటి పాడి చేసుకునే మహిళకు ఇవ్వాలి. మన ఎంపీలకిచ్చే వినతిపత్రంలో ధాన్యం బకాయిలతో పాటు ఈ డిమాండునూ చేర్చాలని మండల కమిటీలను కోరుతున్నాం.