తప్పు చేయనివ్వండి బాబూ!

"ఈ ఫోను కొన్నాక మావాడు లెక్కల్లో తప్పే చెయ్యడంలేదండీ!" అని మురిసిపోయే తండ్రుల్ని చూస్తే నాకు జాలేస్తుంది. తప్పే చెయ్యనివాడు కొత్తగా నేర్చుకునేదేమిటో!

2022 డిసెంబరులో మన రాష్ట్రంలో సర్కారు బళ్ళల్లో ఎనిమిదో తరగతి పిల్లలకు 4.5 లక్షలకు పైగా ట్యాబులు పంచారు. సంతోషం. యంత్రాలతో నాకు పగ లేదు. నన్నడిగితే పలకా ఓ యంత్రమే. తప్పు రాయి, చూసుకో, తడిగుడ్డతో తుడిచి మళ్ళీ రాయి. నా గొడవల్లా, తప్పు పడగానే జవాబు తెచ్చి చేతిలో పెట్టే యంత్రంతోనే.

రొంపిచెర్లలో మా వీధి కుర్రాడొకడు, ఏడో తరగతి, ఫోనులో సగానికి మూడోవంతు కలిపి ఐదింట రెండు వంతులన్నాడు. పైవీ పైవీ, కిందవీ కిందవీ కూడేశాడన్నమాట. ఎర్రగుర్తు పడింది. ఆ వెంటనే "ఆరింట ఐదు" అని జవాబూ వచ్చేసింది. వాడు వేలితో తోసేసి తర్వాతి లెక్కకు పోయాడు. అరుగుమీద మిరపకాయల తొడిమలు తీస్తున్న నాయనమ్మ ఊరుకుంటేనా! ఐదింట రెండు వంతులంటే ఎకరానికి నలభై సెంట్లని వాడిచేతే చెప్పించి, "ఒరే, అరెకరమంటే యాభై సెంట్లు. దానికి ఇంకో ముప్ఫైమూడు కలిపితే నలభై అయిందేందిరా? ఉన్న పది సెంట్లు ఎవడు దున్నుకున్నాడు?" అంది. అప్పుడు కనబడింది వాడికి తన తప్పు.

1920లలో అమెరికాలో సిడ్నీ ప్రెస్సీ అనే ఆయన చేసిన యంత్రం, సరైన మీట నొక్కేదాకా ముందుకు కదిలేది కాదు. 1950లలో స్కిన్నర్ గారైతే, పిల్లలు తప్పే పోకుండా పాఠాన్ని చిన్నచిన్న ముక్కలుగా కోసి పెట్టాడు. అన్నం ముద్దలు కలిపి నోట్లో పెట్టినట్టు! సీమోర్ పాపర్ట్ దారి వేరు. 1967లో సహచరులతో కలిసి లోగో అనే కంప్యూటర్ భాషను రూపొందించాడు. పిల్లలు చెప్పినట్టల్లా నడిచే తాబేలు తర్వాత అందులోకి వచ్చింది. అది పెడదారి పడితే, తామిచ్చిన ఏ ఆజ్ఞ వల్ల పట్టిందో పిల్లలే వెతుక్కోవాలి. నా ఓటు ఈయనకే.

యంత్రానికి ఒక సుగుణముంది. నలుగురిలో నవ్వదు, చెవి మెలిపెట్టదు, ఎన్నిసార్లు తప్పినా విసుక్కోదు. అలాంటిదానికి మార్కులూ ర్యాంకులూ తగిలించి దాన్నీ పరీక్ష హాలు చేసిపెట్టాం. పిల్లవాడు భయపడి, ఆలోచించడం మాని, గుడ్డిగా ఏదో ఒకటి నొక్కుతున్నాడు.

ఎర్రగుర్తు పక్కన "ఇదెలా వచ్చింది నాయనా?" అని ఒక్క ప్రశ్న చేర్చడానికి ఎంత ఖర్చవుతుందో ఆ యాప్‌లు అమ్మేవాళ్ళు సెలవివ్వాలి. ఏడాది రుసుం ముందే కట్టించుకుంటున్నారు కదా!